పెద్ద టైర్ల జీపూ, గంగులమ్మ కాలికట్టూ

టైరును పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది గాలి ఎంతుందో చెప్పే పెంచలయ్యకు, వాళ్లమ్మ గంగులమ్మ కాలు విరిగినప్పుడు మాత్రం ఏమీ తోచలేదు. అది ఎనభై రెండో సంవత్సరం. అతని టైర్ల కొట్టు వడమాలపేటలో రోడ్డు వారన, ఇల్లేమో వంక అవతల పల్లెలో. మొదటిసారి అమ్మను మంచం మీద మోసుకుపోయి పుత్తూరులో కట్టు కట్టించినారు. మళ్లీ కట్టు మార్చే రోజుకు వానలు పట్టుకున్నాయి. వంక పారుతోంది. మంచం మోసుకుని దాటే దారి లేదు.

ఆ పల్లెకున్నది రాజారత్నం బాడుగ జీపు ఒక్కటే. ఇంజనులోకి నీళ్లు పోయి అదీ నడివంకలో నిలబడిపోయేది.

"బండి కింద బరువు మోసే కమాను పట్టీలు ఇంకా రెండేసి జీపును పైకి లేపించినానప్పా. మిలిటరీ వేలంలో పెద్ద టైర్లు దొరికినాయి. నువ్వు బిగించు, మీయమ్మను దాటించే పూచీ నాది," అన్నాడు రాజారత్నం.

పెంచలయ్య వెంటనే లేచినాడు. పానా అందుకున్నాడు. టైర్ల అంచులకు సబ్బునీళ్లు పూసి, ఎగిరి తొక్కి, నాలుగూ ఎక్కించినాడు. కర్పూరం వెలిగించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినారు. జీపు వాటిని చితక్కొట్టుకుంటూ తిన్నగా ముందుకు పోయింది.

"ఏనుగే సూడబ్బా!" అన్నారు చూసినవాళ్లు.

మరునాడు గంగులమ్మను జీపు వెనక పరుపు మీద పడుకోబెట్టినారు. జీపు పోతోందంటే పల్లె ఊరుకుంటుందా? బానెట్టు మీద ఇద్దరు, చుట్టూ వేలాడుతూ మరికొందరు, కోళ్లగంపతో సంతకు బయల్దేరిన ధనంజయ ఎక్కేసినారు.

నడివంక దాకా బాగానే పోయింది. రాజారత్నం గట్టు వైపు స్టీరింగు తిప్పగానే ముందు చక్రం దగ్గర గర్రుమంది.

"ఏందిరా పెంచలా, రబ్బరు కాలిన వాసన?" అంది గంగులమ్మ.

పెంచలయ్య బయటికి వంగి చక్రం చూసినాడు. నిమ్మకాయల మీద ఖాళీ బండిని తిన్నగా నడిపి మురిసిపోయినారే గాని, జనాన్ని ఎక్కించి పక్కకు తిప్పి చూడలేదు. బరువుకు జీపు కుంగి, తిరిగే టైరు మడ్‌గార్డుకు ఒరుసుకుంటోంది. గట్టిగా తిప్పితే టైరు చీలుతుంది. తిప్పకుంటే ముందరుండేది మడుగు. లోపల కదలలేని అమ్మ.

"అందురూ... దిగాలప్పా," అన్నాడు, తిట్లు కాచుకోవడానికి సిద్ధపడి.

ధనంజయ గంప నెత్తికెత్తుకుని అందరికన్నా ముందు నీళ్లలోకి దిగినాడు. "జీపెక్కినోణ్ణి నేను, నా నెత్తినెక్కింది కోళ్లు!"

నవ్వుకుంటూనే అందరూ దిగినారు. జీపు లేచింది, చక్రం తిరిగింది. తడిసిన జనమంతా వెనక భుజాలానించి గట్టెక్కించినారు. గంగులమ్మ కట్టుకు ఒక్క చుక్క తగల్లేదు.

పుత్తూరు నుంచి తిరిగొస్తూనే పెంచలయ్య మడ్‌గార్డు అంచు కోసినాడు. ఆ తర్వాత ఎవరు పెద్ద టైర్లు తెచ్చినా, నిమ్మకాయలకంటే ముందు రోడ్డు మీద పోయేవాళ్లను పిలిచి బండెక్కించి, స్టీరింగు రెండు పక్కలా తిప్పి చూసేవాడు. కాలు బాగయినాక గంగులమ్మ కర్ర ఊతంతో వచ్చి ముందు తానే ఎక్కేది.

"ఆపొద్దు నాకోసరం దిగినారు," అనేది, పక్కన చోటు చూపిస్తూ. "ఈపొద్దు నా కొడుక్కోసరం ఎక్కండి నాయనా."