కొడవలంత తలకట్టు

మాస్టారు పోయారన్న కబురు నాకు డుంబ్రిగుడ సంతలో తెలిసింది. అల్లం అమ్మే అప్ప కేకేసింది: "ఏటిరా, ఇంకా ఆ కొండోళ్ల హక్కుల కరపత్రాలే పంచుతన్నావా? మీ మాస్టారు తెల్లారగట్ల పోనారు. బేగి ఎల్లు!"

నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. మా గూడెం బడిలో వాచకాలన్నీ జిరాక్సులే. కాపీకి కాపీ తీసేసరికి సన్నటి గీతలు ఎగిరిపోయి, తలకట్టు ఉందో లేదో తెలిసేది కాదు. అందుకే మాస్టారు సుద్దముక్కను అడ్డంగా పట్టి, బోర్డు మీద తలకట్టును కొడవలంత లావుగా గీసేవారు. సున్నాలు బొద్దుగా, కాస్త పక్కకు ఒరిగి ఉండేవి. "అచ్చరం పిల్లల్ని బెదిరించకూడదురా. పక్కన కూకోమని పిలవాల" అనేవారు.

ఆ రాతనే కంప్యూటరు అక్షరాలుగా చేసి వాచకం వేయిద్దామన్నాను. కాగితమూ పెన్నూ ఇస్తే ఆయన చెయ్యి బిగుసుకుపోయింది. చివరికి బోర్డు మీదే రోజుకు నాలుగు అక్షరాలు రాశారు. నేను ట్రేసింగు కాగితం అద్ది ఎత్తుకున్నాను. గుణింతాలూ ఒత్తులూ పూర్తయ్యేసరికి చలికాలం గడిచిపోయింది. అరకులోయ డీటీపీ సెంటర్లో సగం అక్షరాలు కంప్యూటరెక్కాక, వాటితో ఒక నమూనా పేజీ తీయించాం.

వాచకానికి అనుమతి ఇవ్వాల్సిన అధికారి అది చూసి నవ్వాడు. "ఇవి అక్షరాలా, బొండాలా? కాస్త తిన్నగా చేసి తీసుకురండి, చూద్దాం."

ఆ చివరి మాట నా చెవికెక్కలేదు. చదివిన కరపత్రాలన్నీ ఒక్కసారే నోటికొచ్చాయి. కొండవాళ్ల రాతంటే లోకువా అని అరిచి, పేజీని ఆయన బల్ల మీదే చింపి విసిరేశాను.

మాస్టారు బయట మెట్ల మీద కూర్చుని ఉన్నారు. జరిగింది చెప్పాను. "తిన్నగా సెయ్యమన్నాడు, అంతేగా? సేసేవోళ్లం కదరా. కోపం నీది. పుస్తకం పిల్లలది" అన్నారు.

మళ్లీ ఆ గదిలోకి మమ్మల్ని రానివ్వలేదు. మిగతా సగం అక్షరాలు కాగితాల మీదే ఉండిపోయాయి. వాచకం చూడకుండానే ఆయన పోయారు. ఆ నవ్వును నేను క్షమించలేదు. నా నోటినీ క్షమించలేదు.

సంతాప సభ కాగితాన్ని డీటీపీ సెంటర్లో ఉన్న మామూలు అక్షరాలతోనే వేయించి, జిరాక్సులు తీయించాను. బడి గోడకు అంటిస్తుంటే మాస్టారి దగ్గర చదువుకునే చిన్న గుంట ఒకతి వచ్చి నిలబడింది.

"ఇది ఎవుల పేరన్నా?"

"మాస్టారిది."

నమ్మలేదు. పరుగున వెళ్లి పొయ్యి బొగ్గు తెచ్చింది. మునివేళ్ల మీద లేచి, ఆయన పేరులో ఎగిరిపోయిన తలకట్టును నల్లగా, కొడవలంత లావుగా పెట్టింది.