ఎవరో ఊఁ కొట్టారు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ధైర్యం వల్ల కాదు, బద్ధకం వల్ల. నమ్మితే భయపడాలి, తాయెత్తు కట్టించుకోవాలి, అమావాస్య ఎప్పుడొస్తుందో గుర్తుపెట్టుకోవాలి. అంత ఓపిక నాకు లేదు. హాస్టల్లో వెనక బ్లాకులో ఎవరో ఏడుస్తున్నారని అందరూ మంచాలు ఒకచోటికి జరుపుకుంటే, పోయి చూసొచ్చి, అది పరీక్ష తప్పిన మా సీనియరని చెప్పినవాణ్ణి నేనే.

కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. అర్థం మాత్రం అడక్కండి.

కృత్రిమ మేధ మీద పనిచేసే కుర్రవాళ్ళకు హైదరాబాదులో ఒక పరిశోధనా సంస్థ విజిటింగ్ ఫెలోషిప్ ఇస్తుంది. ఏడాది పాటు వాళ్ళ దగ్గర పనిచేయొచ్చు. పని నచ్చితే ఇంకో ఏడాది పొడిగిస్తారు. నచ్చకపోతే ఇంటికి పొమ్మంటారు. నా విషయంలో ఇల్లంటే కోయిలకుంట్లలో మా నాన్న నడిపే పురుగుమందుల అంగడి. నేను హైదరాబాదు బస్సెక్కిన రోజే ఆయన గల్లాపెట్టె పక్కన నా కోసం ఒక స్టూలు వేయించాడు. నా మీద ఆయనకున్న నమ్మకం అలాంటిది.

నా పని, మన సీమ మాటను యంత్రానికి నేర్పడం. దానికి పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే గంటల తరబడి రికార్డు చేయాలి. సంస్థ నియమం ఒకటే: గదిలో ఒకే గొంతు వినబడాలి. రెండో గొంతు పడితే ఆ రికార్డింగు చెత్తబుట్టలోకి పోతుంది. నా చివరి రికార్డింగుల మీదే పొడిగింపు ఆధారపడి ఉండేది.

మా నాన్న దగ్గర విత్తనాలు కొనే ఒక కుటుంబం ఉంది. వాళ్ళ ఊరు కోయిలకుంట్లకు దగ్గరే. ఆ ఇంటి పెద్దావిడ ఎలీసమ్మ. అందరికీ అవ్వ. పుట్టిల్లు ఆత్మకూరు పక్కన, నల్లమల అంచున. అందుకే ఆమె కథల నిండా అడవే. ఆమె కూతురు సువార్తక్క అంగన్‌వాడీ టీచరు. అవ్వ భర్త దేవదానం పోయి చాన్నాళ్ళయింది.

రికార్డింగు మిట్టమధ్యాహ్నం పెట్టుకున్నాం. ఎండకు వీధిలో కుక్క కూడా తిరగదు కాబట్టి చప్పుడుండదు. ఫ్యాను ఆపాం, కిటికీలు మూశాం. అవ్వ మంచం మీద కూర్చుంది. ఒక మైకు ఆమె కొంగుకు తగిలించాను. గది చప్పుడు పట్టే రెండో మైకును ఆమె ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో పెట్టాను. కదిలితే కిర్రుమనే కుర్చీ అది. అందుకే నేను అందులో కూర్చోకుండా గుమ్మం దగ్గర చాప మీద కూర్చున్నాను.

అవ్వ నాలుగు మాటలు చెప్పి ఆగింది.

"ఏమప్పా, నోట్లో ఏమన్నా పెట్టుకోనుండావా? ఊఁ అనవే?"

ఊఁ అంటే రికార్డింగు పాడవుతుందని, తల ఊపుతానని చెప్పాను.

"తల ఊపనీకి నువ్వేమన్నా గంగిరెద్దువా? ఊఁ అనకుంటే కత యాడికి పోతాది? గోడకు చెప్పమంటావా?"

మా వైపు ఎవరికైనా తెలిసిన సంగతే. కథ చెప్పేవాళ్ళకు ఒకరు ఊఁ కొట్టాలి. మా నాయనమ్మ ఊఁ వినబడకపోతే "నిద్రపోయినావురా" అని తొడపాశం పెట్టేది. కానీ నియమం నియమమే. నేను నోరు మూసుకుని చూస్తుండిపోయాను. అవ్వ కాసేపు అలిగింది. మళ్ళీ మొదలుపెట్టింది, తడబడింది, ఆగింది. తర్వాత ఉన్నట్టుండి గొంతు సర్దుకుంది. ఇక ఆగలేదు. గుక్క తిప్పుకునే చోట చిన్న విరామం ఇచ్చి, మళ్ళీ అందుకుంటూ హాయిగా చెప్పుకుపోయింది.

నేను తల ఊపే తీరు కుదిరిందని మురిసిపోయాను. ఆమె నా వైపు ఒక్కసారి కూడా చూడలేదన్న సంగతి ఇంటికొచ్చాక గానీ తట్టలేదు.

రికార్డింగులు హైదరాబాదు పంపించాను. అక్కడ నా పని చూసే మేడమ్ ఫోన్ చేశారు.

"ఇందులో ఇద్దరున్నారే. ఆ ఊఁ కొడుతున్నది నువ్వేనా?"

కాదన్నాను. విని చూశాను. అవ్వ విరామం ఇచ్చిన చోటల్లా ఒక ఊఁ ఉంది. మెల్లగా, శ్రద్ధగా, కథలో పడిపోయినవాళ్ళు అనే ఊఁ. ఒక్కటి కూడా ముందు పడలేదు, వెనక పడలేదు. అవ్వ కొంగు మైకులో అది లేదు. కుర్చీలో పెట్టిన మైకులోనే ఉంది, దగ్గర నుంచి అన్నట్టు స్పష్టంగా.

నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి చదువుకున్న అనుమానాలే వచ్చాయి. ప్రతిధ్వని అనుకున్నాను. ప్రతిధ్వని అయితే అవ్వ గొంతు రావాలి. పక్కింటి మనిషి అనుకున్నాను. ఆ పక్క ఇల్లు లేదు, జొన్న చేను ఉంది. జొన్నచేను ఊఁ కొట్టదు. గొంతులు పోల్చే ప్రోగ్రాముకు నా ఊఁలు కొన్ని ఇచ్చాను. ఇది నీది కాదంది.

సువార్తక్కకు వినిపించాను. అందరూ ఊహించే జవాబే నేనూ ఊహించాను. ఆమె రెండుసార్లు విని ఫోను నా చేతిలో పెట్టేసింది.

"మా నాయన గొంతు కాదబ్బీ ఇది. మా నాయన ఏనాడు ఊఁ కొట్టినాడు? కత మొదలుపెడ్తానే గురక పెట్టేటోడు."

దాంతో దేవదానం తాత మీద పెట్టుకున్న ఆశ కూడా పోయింది. తెలిసిన మనిషైతే ఎంతో కొంత మర్యాదగా భయపడొచ్చు. ఎవరో తెలియనివాళ్ళకు ఎలా భయపడాలి?

"చర్చిలో పాస్టరయ్య దయ్యాలు లేవంటాడు. నువ్వేమో కంప్యూటర్లో తెచ్చి చూపిస్తాండావు" అని అక్క నన్నే తిట్టింది.

మేడమ్ ఒక్క అవకాశం ఇచ్చారు. ఇంకో కథ రికార్డు చేసి పంపమన్నారు. అది కూడా ఇలాగే ఉంటే, పొడిగింపు తేల్చే కమిటీ ముందు తానేమీ చేయలేనన్నారు. నాకు గల్లాపెట్టె పక్కన స్టూలు కనబడింది.

ఈసారి మైకుల్లో పడుతున్నది అప్పటికప్పుడే వినడానికి హెడ్‌ఫోన్లు తెచ్చుకున్నాను. అదే గది, అదే ఎండ. అవ్వ మేకపిల్లను వెతుక్కుంటూ అడవిలోకి పోయిన ఆడపిల్ల కథ ఎత్తుకుంది. మొదటి విరామం వచ్చింది.

ఊఁ.

చెవిలో అన్నట్టే వినబడింది. హెడ్‌ఫోన్లు తీశాను. అవ్వ మాట, విరామం, మళ్ళీ మాట. మధ్యలో ఏమీ లేదు. పెట్టుకున్నాను. ఊఁ. నా చొక్కా అప్పటికే చెమటతో తడిసి ఉంది. అందుకని ఆ తర్వాత పట్టిన చెమటను వేరుగా లెక్క చెప్పలేను.

కథలో పిల్ల చెట్ల మధ్య పులిని చూసింది. అవ్వ గొంతు తగ్గించింది. హెడ్‌ఫోన్లలో కుర్చీ కిర్రుమంది, బాగా వినాలని ఎవరో ముందుకు వంగినట్టు. నేను కుర్చీ వైపే చూస్తున్నాను. అది కదల్లేదు.

నేను మోకాళ్ళ మీద పాక్కుంటూ పోయి, కుర్చీలోని మైకు తీసి స్విచ్ ఆపేశాను. హెడ్‌ఫోన్లలో అవ్వ ఊపిరి తప్ప ఏమీ లేదు. ఒకే గొంతు. నాకు కావలసింది అదే.

అవ్వ విరామం ఇచ్చింది. ఆగింది. కుర్చీ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"యాల తీసేసినావప్పా?"

నేను నోరు మెదపకుండా, చెప్పమని చెయ్యి ఊపాను.

"ఎట్ల చెప్పేది? ఊఁ అనేటోళ్ళు లేకపోతే ఆ పిల్ల పులి ముందర అట్నే నిలబడుంటాది."

నియమం మర్చిపోయాను. "ఎవరికి చెప్తాండావవ్వా?" అన్నాను.

"చెప్తాంటే ఎవురో ఒకరు అంటారు. ఎవురని అడగబెడ్తే కత నిలబడిపోతాది. ఇంగ నువ్వన్నా అను."

ఆ ఒక్క ప్రశ్న నేను తర్వాత కత్తిరించగలను. కథ మధ్యలో పడే ఊఁను కత్తిరించకూడదు, అది మోసం. కత్తిరించకుండా పంపితే ఏడాది పని పోతుంది. అవ్వ నన్ను చూస్తోంది. ఆ పిల్ల పులి ముందు నిలబడి ఉంది. గదిలో గాలి కూడా ఎవరో ఏదో అనాలని ఆగినట్టుంది.

"ఊఁ" అన్నాను.

అవ్వ ముఖం విచ్చుకుంది. పిల్ల చెట్టెక్కింది, పులి విసుగెత్తి వెళ్ళిపోయింది, మేకపిల్ల దొరికింది. ఇంకెక్కడా అవ్వ ఆగలేదు.

కొంగు మైకు రికార్డింగు ఉన్నదున్నట్టు పంపించాను. అందులో ఒక ఊఁ ఉందని, అది నాదేనని, అనకపోతే కథ సాగేది కాదని రాశాను. పొడిగింపు రాకపోవచ్చని తెలుసు. నిజాయితీకైనా నాలుగు మార్కులేస్తారనుకున్నాను.

కమిటీ జవాబు వచ్చింది. పొడిగింపు లేదు. కారణం నియమం తప్పడం కాదు, తప్పుడు సమాచారం ఇవ్వడం. నాదని నేను రాసిన గొంతు నాది కాదట. ముందు రికార్డింగుల్లో ఊఁ కొట్టిన మనిషిదేనట.

నా దగ్గరున్న ప్రోగ్రాముతో నేనూ పోల్చి చూశాను. అదీ ఆ మాటే అంది. ఒక్క ఊఁతో గొంతు తేల్చడం అంత నమ్మదగ్గ పని కాదని నాకు తెలుసు. ఆ మాట నేనే ఎవరికైనా చెబుతాను. కానీ మేడమీద, బాత్రూములో, జలుబు చేసినప్పుడు, ఎక్కడ ఎన్నిసార్లు ఊఁ అని ఇచ్చినా అది నాదేనంటుంది. ఆ ఒక్కదాన్ని మాత్రం కాదంటుంది. నా నోరు కదలడం నాకు తెలుసు. అవ్వ చూసింది.

ఇప్పుడు స్టూలు మీద కూర్చుంటున్నాను. సౌకర్యంగానే ఉంది, నాన్న మంచిదే చేయించాడు. రైతులు వచ్చి తెల్లదోమ సంగతి, కాయతొలుచు పురుగు సంగతి వివరంగా చెబుతారు. నేను తల ఊపుతాను. "ఏమప్పా, ఊఁ అనవే" అని గద్దిస్తారు.

అప్పుడంటాను. అన్నాక ఒక్క క్షణం ఆగి, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో వింటాను.