పన్నెండోవాడు పట్టిన క్యాచ్

రంజీ జట్టుకి నన్ను తీసుకున్నారని ఫోన్ వచ్చినప్పుడు మా అయ్య గోపాలపూర్ ఒడ్డున చేపల బుట్టల్లో ఐసు పోయిస్తున్నాడు. విషయం చెప్పగానే ఆ తడి చేతులతోనే నా మొహం పట్టుకున్నాడు. మర్నాడు బరంపురం తీసుకెళ్లి బడా బజార్‌లో కొత్త సూట్‌కేసు కొనిపెట్టాడు. దారిలో తెలిసినవాడు కనబడితే చాలు, "మావోడు ఒడిశా తరపున ఆడతాడు" అని ఆపి మరీ చెప్పాడు. జట్టుతో వెళ్లేది పదిహేను మంది, ఆడేది పదకొండు మందే అని ఆయనకు తెలియదు.

కటక్‌లో నాకు పన్నెండోవాడి పని దొరికింది. నీళ్ల సీసాలు, తువ్వాళ్లు, ఆరిన గ్లవుజులు మోయడం. కోచ్ చెప్పిన మాట మైదానంలోకి తీసుకెళ్లి, కెప్టెన్ చెప్పిన మాట వెనక్కి తేవడం. పని కష్టమేమీ కాదు. కాని జట్టులో అందరూ చిన్నప్పటి నుంచి కలిసి ఆడినవాళ్లు. నేను నోరు తెరిస్తే మా గంజాం జిల్లా యాస ఒడియా విని నవ్వేవాళ్లు. దురుసుగా కాదు, సరదాకే. అయినా మెల్లమెల్లగా మాట్లాడటం తగ్గించేశాను. నా గదిలో ఉండే ఫాస్ట్ బౌలర్ సాయంత్రం కాగానే తన చంటిపాపతో వీడియో కాల్‌లో కూర్చునేవాడు. నేను చెప్పులేసుకుని వరండాలోకి వచ్చేసేవాణ్ణి. అప్పుడే అయ్య ఫోను.

"ఈయాల ఆడినావేటి?"

"లేదయ్యా."

"మరి రేపో?"

"సూడాలి."

 అయ్య వెనక నుంచి సముద్రం చప్పుడు కాసేపు వినిపించేది.

రంజీకి జనం రారు. అంత పెద్ద స్టేడియంలో నీడ ఉన్న చోట కొంతమంది పల్లీలు తింటూ, కొంతమంది నిద్రపోతూ ఉండేవాళ్లు. బంతి బ్యాటుకు తగిలిన చప్పుడు ఖాళీ మెట్లకు కొట్టుకుని మళ్లీ వినిపించేది.

అలాంటి రోజుల్లో ఆంధ్రా జట్టుతో మ్యాచ్ వచ్చింది. మూడో రోజు పొద్దున మావాడొకడికి వేలు చిట్లింది. కోచ్ నా వైపు చూసి చెయ్యి ఊపాడు. నేను టోపీ పెట్టుకుని మిడ్‌వికెట్‌లోకి పరుగెత్తాను.

ఆంధ్రా బ్యాట్స్‌మెన్ ఇద్దరిలో ఒకడు బాగా సీనియర్, ఇంకొకడు కుర్రవాడు. ఓవరు ఓవరుకీ మధ్యలో కలుసుకుని మాట్లాడుకుంటున్నారు. ఆ నిశ్శబ్దంలో ప్రతి మాటా నాకు వినబడుతోంది. "పొద్దున ఇడ్లీ రాయిలా ఉందన్నా" అంటున్నాడు కుర్రవాడు. "నోరు మూసుకుని ఆడు, లంచ్‌లో పెరుగన్నం ఉంటుంది" అంటున్నాడు సీనియర్. ఎన్నాళ్లకో ఫోనులోంచి కాకుండా ఎదురుగా వింటున్న తెలుగు. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. ఎంతసేపయినా వాళ్లు ఔట్ కాకపోతే బాగుండునని కూడా అనిపించింది.

కాసేపటికి మా ఆఫ్ స్పిన్నర్ బౌలింగుకి వచ్చాడు. సీనియర్ కుర్రవాడి భుజం మీద చెయ్యేసి, "మొదటి బంతికే ముందుకొచ్చి మిడ్‌వికెట్ మీంచి లేపెయ్. వాడు ఎవరి బదులో దిగిన సబ్, మరీ దగ్గరగా నించున్నాడు" అన్నాడు.

బౌలర్ తన మార్కు దగ్గరికి నడుస్తుండగా నేను వెనక్కి జరిగాను. స్లిప్‌లోంచి కెప్టెన్ ముందుకు రమ్మని చెయ్యెత్తాడు. నేను చూడనట్టు ఉండిపోయాను. కుర్రవాడు చెప్పినట్టే ముందుకొచ్చాడు, లేపాడు. బంతి సరిగ్గా నా మీదికే వచ్చింది. పట్టేశాను.

జట్టంతా వచ్చి మీద పడింది. ఇన్నాళ్లూ నా పేరైనా పలకనివాళ్లు నా తల నిమిరారు. "నీకెలా తెలిసింది?" అని కెప్టెన్ అడిగితే, "వాళ్ల మాట విన్నాను. నాది తెలుగే" అన్నాను. ఆయన గట్టిగా నవ్వి, "అయితే వింటూ ఉండు, ఏమన్నా చెప్పు" అన్నాడు. తెలుగు అన్న మాట సీనియర్ చెవిన కూడా పడింది. నా వైపు తిరిగి ఒక్కసారి చూశాడు.

ఆ తర్వాత నేను మైదానంలో ఉన్నంతసేపూ ఆంధ్రావాళ్లు తెలుగులో మాట్లాడుకోలేదు. దగ్గరికొచ్చి గ్లవుజులు తాకించుకుని, తలూపి వెళ్లిపోయేవాళ్లు. నేను మధ్యాహ్నం దాకా ఎండలో చెవులొగ్గి నిలబడ్డాను. ఏమీ వినబడలేదు.

సాయంత్రం అయ్యకు నేనే ఫోను చేశాను.

"పట్టినానయ్యా."

"ఏటి పట్టినావు?"

"క్యాచు. ఒకుణ్ణి ఔట్ సేసినాను."

"ఏ ఊరోణ్ణి?"

"ఆంధ్రా ఓణ్ణి."

"మనోణ్ణేనా!" అని ఆగాడు. "పోన్లే, ఆటే గదా."

మర్నాడు పొద్దున మళ్లీ ఆయనే చేశాడు. "పేపర్లో నీ పేరు లేదేటిరా? ఎవలి సేతో సదివించినాను."

"సబ్ అని రాసుంటారయ్యా. అది నేనే."

"సబ్బేటి?"

చెప్పడానికి చాలాసేపు పట్టింది.

వేలు చిట్లినవాడు కట్టుతో తిరిగొచ్చాడు, నేను సీసాల దగ్గరికి వెళ్లిపోయాను. మ్యాచ్ డ్రా అయింది. నాలుగు రోజులు సెలవిస్తే ఇంటికి బయల్దేరాను. అదే రైల్లో ఆంధ్రా జట్టు విశాఖపట్నం వెళుతోంది. ప్లాట్‌ఫారం మీద సీనియర్ నన్ను గుర్తుపట్టి, "రా తమ్ముడూ, మాతో కూర్చో" అన్నాడు. ఔటయిన కుర్రవాడే జరిగి చోటిచ్చాడు.

"ఏ ఊరు మీది?"

"బరంపురం. ఏటంటే, గోపాలపూర్‌లో పుట్టినాను గాని..."

అంతే, బోగీ అంతా ఘొల్లున నవ్వింది. "ఏటంటే! ఏటంటే!" అని ఒకడు సాగదీశాడు. కుర్రవాడు "ఇంకోసారి సెప్పు తమ్ముడూ" అన్నాడు. నేనూ నవ్వాను. వాళ్లు నాకు పులిహోర పెట్టారు, పేకాటకి కూర్చోబెట్టారు. చిలికా సరస్సు వచ్చేసరికి ముక్కలు పక్కన పెట్టి, తలుపు దగ్గరికెళ్లి నీళ్లు చూస్తూ నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు.

బరంపురంలో అయ్య వచ్చి ఉన్నాడు. ఆ బోగీలోంచి దిగితే చూసి, "ఆలెవలు?" అన్నాడు.

"ఆంధ్రా ఓల్లు."

రైలు కదిలింది. అయ్య రెండు చేతులూ ఎత్తి ఊపాడు. కిటికీల్లో ఎవరూ ఇటు చూడటం లేదు.

మరుసటి ఏడాది నాకు పిలుపు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఇప్పుడు మా జిల్లాలోనే పాత్రపూర్ దగ్గర ఒక స్కూల్లో ఆటలు నేర్పుతున్నాను. చలికాలం మధ్యాహ్నాలు పిల్లలు క్లాసుల్లో ఉంటే, ఆటల గదిలో కూర్చుని ఫోనులో రంజీ స్కోరు చూస్తాను. వికెట్ పడితే తలెత్తుతాను, ఎవరికైనా చెబుదామని. గదిలో ఎవరూ ఉండరు. తర్వాత బయటికెళ్లి, వదులైన వాలీబాల్ నెట్టు బిగించుకుంటాను.