వెనక్కి నడిచే చిన్నమ్మ

మా చిన్నమ్మ ఫోటో తీసే ముందు వెనక్కి నడిచేది. ఆమెను తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ నడకే.

ఆళ్లగడ్డలో ఆమె స్టూడియో ఒక ఇరుకు గది. రీలు కెమెరాకు వాడిన పాత లెన్సునే, డిజిటల్ వచ్చాక కొన్న చిన్న సెన్సర్ కెమెరాకు తగిలించింది. దాంతో ముఖం మరీ దగ్గరగా కనిపించి, మనిషి ఫ్రేములో పట్టేది కాదు. వెనక్కి జరగబోతే చిన్నమ్మ వీపు గోడకు తగిలేది.

నంద్యాలలో నా స్టూడియోకు అప్పటికే పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా వచ్చింది. "నువ్వూ అదే కొనుక్కో చిన్నమ్మా. ఇదే లెన్సుతో గదిలోనే నిలబడి తీయొచ్చు" అన్నాను.

"నాకొద్దురా. దగ్గర నిలబడితే ఆడోళ్లు బిర్రబిగుసుకుంటాండారు. దూరం పోతే నన్ను మర్చిపోతారు."

"మరి గోడో?"

"పగలగొట్టిస్తా."

అన్నంత పనీ చేసింది. అక్కడ పెద్ద తలుపు పెట్టించింది. దాని అవతల బస్సులు తిరిగే రోడ్డు.

ఒకసారి నేనుండగానే ఒక ముసలామెను కొడుకులు తీసుకొచ్చారు, ఆమె పోయాక దండ వేసే ఫోటో కోసం. ఆమె కొయ్యబొమ్మలా కూర్చుంది. "ఎట్లోకట్ల తియ్యక్కా" అని కొడుకులు తొందరపెట్టారు. చిన్నమ్మ వెనక్కి నడిచి, తలుపు దాటి, రోడ్డు నడిమధ్యన నిలబడింది. ఆమె వీపు వెనకే బస్సు ఆగి హారన్ మోగించింది. కెమెరా కంటి నుంచి తీయకుండానే చిన్నమ్మ ఒక చెయ్యి పైకెత్తింది. అది చూసి ముసలామె పెదవులు కదిలాయి.

"అరవాకప్పా!" అని డ్రైవర్ మీద కేకేసింది చిన్నమ్మ. "ఈడ అవ్వ నవ్వుతాంది."