పరాయి పేరు నుండి నన్ను తప్పించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, మీకందరికీ ప్రభువు పేరట వందనాలు! నేను లెస్కాలియే చెరకుతోటలో పనిచేసే పోలయ్యను. కోపిష్టి పోలయ్య అంటే ఇంకా త్వరగా గుర్తుపడతారు. నలుగురిలో నిలబడి మాట్లాడటం నాకు రాదు, అయినా దేవుడు చేసిన మేలు కడుపులో దాచుకుని కూర్చోలేక లేచాను. రెండేళ్ల కిందట నేను జైలు నుండి బయటికి వచ్చిన రోజున, ఇక ఈ దీవిలో నీకు చోటు లేదు పొమ్మన్నారు. ఆ చీకటి రోజుల సంగతి ముందు చెప్పాలి.

మనవాళ్లలో ఓడ అన్నదమ్ములంటే ఏమిటో మీకు తెలియనిది కాదు. కాకినాడలో ఎక్కి ఇక్కడ దిగేదాకా అప్పన్నా నేనూ ఒకే చాపమీద పడుకున్నాం, ఒకే పళ్లెంలో తిన్నాం, దిగాక నా చొక్కా వాడిది, వాడి కత్తి నాది, ఏది ఎవరిదని ఎన్నడూ అడగలేదు. కార్తియే మిలితేర్ ఊళ్లో పుట్టింట్లో ఉన్న వాడి భార్య నొప్పులు పడుతోందని కబురు వచ్చింది. ఏదో తప్పుకు వాడి టికెట్టు, మన కూలీలందరికీ ఇచ్చే గుర్తింపు కాగితం, తోట దొర దగ్గర ఉండిపోయింది. టికెట్టు లేకుండా దారిలో దొరికితే పోలీసులు పట్టుకుంటారు కదా! నేనేం చేశాను? చొక్కా ఇచ్చినట్టే నా టికెట్టు తీసి వాడి చేతిలో పెట్టాను. దానిమీద నా పేరు, నా ఫొటో, నా ఊరు అన్నీ ఉన్నాయి, అయినా అది నేరమని నాకు తోచనే లేదు, అంత తెలివిగలవాణ్ణి!

దారిలో వాణ్ణి ఆపిన పోలీసాయన ఫొటో చూశాడు, అప్పన్న చెవి చూశాడు. ఫొటోలో నా ఎడమ చెవికి గాటుంది, వాడి చెవి చక్కగా ఉంది. అంతటితో ఇద్దరమూ కోర్టులో నిలబడ్డాం. అక్కడ వాడు భయపడి, పోలయ్య నాకు టికెట్టు అమ్మాడు అని చెప్పేశాడు! సహోదరులారా, ఆ మాట నా గుండెలో కత్తిలా దిగింది. వాడికి కొద్దిరోజులే, అమ్మినవాణ్ణని నాకు ఎక్కువ జైలు పడింది. నేను బయటికి వచ్చాక, టికెట్టు అమ్ముకుని శిక్షపడినవాడికి ఈ దేశంలో ఉండే హక్కు లేదని, ఫలానా రోజున పోర్ట్ లూయీ ఆఫీసుకు వచ్చి కారణం చెప్పుకోవాలని, చెప్పుకోలేకపోతే ఓడ ఎక్కించి తిరిగి పంపేస్తామని కాగితం ఇచ్చారు.

నా భార్య సారమ్మ ఈ దీవిలోనే పుట్టింది. పెద్దల ముందు పెళ్లి చేసుకున్నాం గాని రిజిస్టరులో రాయించుకోలేదు, మనలో ఎవరు రాయించుకున్నారు గనుక? ఆఫీసు లెక్కన ఆమె నాకు ఏమీ కాదు. నేను ఓడ ఎక్కితే ఆమె గట్టుమీద ఉండిపోవలసిందే. అప్పుడామె కడుపుతో ఉంది. నేను ఏడ్చాను, దాచుకోవడం దేనికి, గొడ్డులా ఏడ్చాను.

అప్పుడు ఒక పెద్దమనిషి నా మీద జాలిపడి, చనిపోయిన నరసయ్య అనే అతని టికెట్టు తెచ్చి ఇచ్చాడు. ఫొటో చెరిగిపోయింది, వేరే తోటకు పోయి నరసయ్యవై బ్రతుకు, నిన్ను అడిగేవాడు ఉండడు అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది! మూడు రోజులు చెరకు నరుకుతూ నరసయ్య, నరసయ్య అని నాలో నేను వల్లించుకున్నాను. ఇంట్లో చెప్పేసరికి సారమ్మ చేటలో బియ్యం అలాగే వదిలేసి నా వంక చూసింది.

"బొందియే, దేవుడా! నువ్వు నరసయ్యవైతే నేనెవరి పెళ్లాన్ని మావా? పుట్టేదాన్ని ఎవరి బిడ్డ అని చెప్పను?" అంది.

అప్పటిదాకా సారమ్మ ఈ ప్రార్థన ఇంటికి వస్తుంటే నేను వెక్కిరించేవాణ్ణి, ఆ ఆదివారం మాత్రం ఆమె వెనకే వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఉపదేశిగారు అందరినీ మోకరించమన్నారు. నా నోట వచ్చిన మొదటి ప్రార్థన ఇది: "ప్రభువా, నా పేరు పోలయ్య. నరసయ్యను కాను. నన్ను ఏం చేస్తావో ఈ పేరుమీదే చెయ్యి. అప్పన్నను క్షమించాలంటున్నారు, నాకైతే క్షమించాలని లేదు, వాడి సంగతి నువ్వే చూసుకో." నవ్వకండి, నాకు అంతకన్నా మంచి ప్రార్థన రాలేదు, అయినా ఆ దయామయుడు దాన్నే విన్నాడు!

నరసయ్య టికెట్టు తిరిగి ఇచ్చేసి, చెప్పిన రోజుకు ఆఫీసుకు వెళ్లాను. దుబాసీ ద్వారా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆఫీసు దొర తల ఎత్తలేదు. అమ్మినట్టు కోర్టు కాగితంలో ఉంది, నువ్వు కాదంటే సరిపోదు అన్నాడు. అంతలో గుమ్మం దగ్గర ఏదో గొడవ, బంట్రోతు ఎవరినో బయటికి నెడుతున్నాడు. చూద్దును గదా, అప్పన్న! నా సంగతి ఎవరి నోటనో విని, తోట దాటడానికి దొర ఇచ్చే పాసు లేకుండా, తెల్లవారుజామున బయలుదేరి, కాళ్లు పగిలేలా నడిచి వచ్చాడు, దొరికితే వాడికి మళ్లీ జైలేనని తెలిసీ వచ్చాడు.

"అన్న అమ్మలేదు మిస్యే, ఉత్తినే ఇచ్చాడు. నేనే భయంతో అబద్ధమాడాను," అని దొరతో చెప్పి, నా వైపు తిరిగాడు. "నా కూతుర్ని ఎత్తుకున్నప్పుడల్లా నీ మొహమే కనబడుతోంది అన్నా. ఇక మోయలేను."

సహోదరులారా, క్షమించడం నాకు చేతకాదన్నాను కదా, ఆ మాట వినగానే వాడి మెడ పట్టుకుని ఏడ్చేశాను! దొర చాలాసేపు రాసుకున్నాడు. శిక్ష కొట్టివెయ్యలేదు, అది నా కాగితంమీద ఇప్పటికీ ఉంది. కాని దాని కింద, ఇతడు అమ్మలేదు, దీవిలో ఉండవచ్చు అని రాసి ముద్ర వేశాడు. పెళ్లి రిజిస్టరు చేయించుకొమ్మని అదే నోటితో చెప్పాడు, ఆ వారమే చేయించుకున్నాం. పాసు లేకుండా వచ్చినందుకు అప్పన్నకు కొన్నాళ్లు శిక్ష పడింది. సారమ్మ వండి ఇస్తే అన్నం మూట నేనే మోసుకెళ్లాను. అదిగో, రెండో వరసలో కూతుర్ని ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. తల ఎత్తరా అప్పన్నా, ఇంకా దేనికి సిగ్గు!

బాప్తిస్మమప్పుడు ఉపదేశిగారు మంచి క్రైస్తవ పేరు పెడతానన్నారు. అయ్యా, తప్పుగా అనుకోకండి, శిక్షపడింది పోలయ్యకు, దేవుడు దయచూపింది పోలయ్యకు, నన్ను పోలయ్యగానే నీళ్లలో ముంచండి అని బతిమాలాను. ఆయన నవ్వి అలాగే చేశారు. దేవునికే మహిమ!

ఈ కూటంలో చచ్చినవాడి టికెట్టు మొలలో పెట్టుకుని బ్రతుకుతున్నవారు ఉన్నారని నాకు తెలుసు. పోలీసు టోపీ కనబడితే గుండె ఎలా ఆగిపోతుందో కూడా తెలుసు. మిమ్మల్ని నేను తప్పుపట్టను, మూడు రోజులు నేనూ మీలో ఒకణ్ణే. మీ సొంత పేరుతో ఒక్కసారి ఆయన్ని పిలిచి చూడండి. ప్రార్థన అయ్యాక నా దగ్గరికి రండి, మీ కాగితం ఎలాంటిదైనా సరే. రేపు ఉదయం ఆఫీసుకు నేనూ మీతో వస్తాను.