తువ్వాలుకు కట్టిన ఫ్యూజులు

నేను చేసిన తప్పును ఒక మనిషి తనదనుకుని ఏళ్ళుగా బతుకుతున్నాడు. అది అతనిది కాదని లోకంలో నాకొక్కదానికే తెలుసు. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాననుకుంటాను. తెలిసినవాళ్ళ ముందు నోరు పెగల్లేదు. ఈ మధ్య మా అక్క ఒక మాట అన్నది. అప్పటినుంచి దీన్ని మోయడం నావల్ల కావడం లేదు. ఆ మాట చివర చెబుతాను. ముందే చెబితే నన్ను నేను జాలిగా చూసుకుంటూ రాస్తానేమోనని భయం.

నా పని ఏమిటో చెప్పాలి. కడపలో ఒక చిన్న సంస్థలో ఉండేదాన్ని. పొలాల్లో బోరు మోటర్లను ఫోనుతో నడిపే పెట్టెలు చేసేవాళ్ళం. పెట్టెను స్టార్టరు పక్కన బిగిస్తాం. రైతు ఇంటినుంచి ఫోను చేస్తే మోటరు ఆడుతుంది, మళ్ళీ చేస్తే ఆగుతుంది. లోపల అరచేతిలో పట్టే బోర్డు ఒకటి, దానిలో ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టం. తెర ఉండదు, మీటలుండవు. దానితో మాట్లాడాలంటే లాప్‌టాప్‌నుంచి కేబులు తగిలించాలి. నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. దాన్ని షెల్ అంటాం. మనం ఒక ఆదేశం టైపు చేస్తే అది ఒక లైను బదులిస్తుంది. మళ్ళీ మన కోసం కాచుకుని ఉంటుంది.

ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. మనుషులతో మాట్లాడటం కంటే తేలిక. షెల్ అడిగినదానికే బదులిస్తుంది, అడగనిది చెప్పదు. అది మంచి గుణమని అప్పట్లో అనుకునేదాన్ని.

ఒక్క సంగతి మాత్రం మీకు తెలియాలి, లేకపోతే నా తప్పు అర్థం కాదు. షెల్‌లో ఏదైనా మారిస్తే పెట్టె వెంటనే వింటుంది. కాని కరెంటు పోతే ఆ మార్పు మరిచిపోతుంది. మళ్ళీ కరెంటు వచ్చినప్పుడు, అంతకుముందు శాశ్వతంగా దాచుకున్నదాన్నే చదువుకుని దాని ప్రకారం నడుస్తుంది. శాశ్వతంగా దాచుకోవాలంటే మార్చిన తరువాత ‘సేవ్’ అని విడిగా ఒక ఆదేశం ఇవ్వాలి. పనిలో చేరిన కొత్తలోనే నేర్పే విషయం ఇది. తరువాత వచ్చినవాళ్ళకు నేనే నేర్పాను.

మా అక్కను వేంపల్లె దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. బావకు చీనీ తోట, బత్తాయిని అక్కడ అట్లా అంటారు. బావకూ తమ్ముడు గంగాధరుకూ కలిపి ఒకటే బోరు. వంతుల ప్రకారం నీళ్ళు పెట్టుకునేవాళ్ళు. వంతు మాట వచ్చి అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్న ఇళ్ళు ఆ చుట్టుపక్కల ఉన్నాయి. వీళ్ళిద్దరి మధ్య గట్టి మాట నేనెప్పుడూ వినలేదు. వాళ్ళ నాయన పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. మోటరు దగ్గర తీగ ముట్టుకోవాలంటే ముందు కరెంటు బోర్డులో ఉన్న మూడు ఫ్యూజులూ పీకాలి. పీకి తువ్వాలు కొనకు ముడివేసుకోవాలి. పని అయ్యేదాకా ఆ ముడి ఒంటి మీదే ఉండాలి. ఫ్యూజులు ఒకరి దగ్గర ఉంటే రెండోవాడు పొరపాటున కూడా మోటరు వేయలేడు. “ఫీజులు ఎవురికాడ ఉంటే మోటరు వాళ్ళది” అనేవాళ్ళు. ఆ మాట నాకు తమాషాగా ఉండేది.

మేము కొత్తగా చేసిన పెట్టెను వాడి చూడటానికి ఒక పొలం కావాలంటే, నేనే బావ పొలం అన్నాను. ఫోను చేస్తే వినేలా బావ నంబరు, గంగాధరు నంబరు రెండూ అందులో ఎక్కించాను. ఆ పొద్దున బోరు దగ్గర వేపచెట్టు నీడలో కూర్చుని అన్నీ పరీక్షించాను. చివరికి మిగిలింది ఆటో. ఆటో పెడితే, పోయిన కరెంటు మళ్ళీ వచ్చినప్పుడు ఎవరూ ఫోను చేయకుండానే మోటరు ఆడుతుంది. ఆన్ చేసి, సేవ్ చేశాను. బావను మెయిన్ స్విచ్ దించి మళ్ళీ ఎత్తమన్నాను. ఎత్తగానే మోటరు అందుకుంది. బావ రెండడుగులు వెనక్కి వేశాడు.

“యాలమ్మే, ఎవురూ ఫోను చెయ్యకుండానే ఆడుతాందే! దయ్యం పట్టినాదా దీనికి?”

“ఆటో పెట్టినా బావా. నీకు వద్దంటే తీసేస్తా.”

“తీసేయ్ తల్లీ, నాకొద్దు. నేను ఆడు అంటేనే ఆడల్ల, ఆగు అంటే ఆగల్ల. ఇంట్లో మీ యక్క ఎట్లా నా మాట ఇనదు. ఇదైనా ఇననీ.”

నవ్వుకుంటూ ‘ఆటో ఆఫ్’ అని టైపు చేశాను. ఏముందో చూపమని అడిగాను. ఆటో: ఆఫ్ అని బదులిచ్చింది. అది నిజమే. ఆ క్షణానికి నిజం.

బోరు మూతి దగ్గర కేబులు జాయింటుకు చుట్టిన టేపు ఊడి ఉంది. రేపు పొద్దున కరెంటు రాకముందే వచ్చి కొత్త టేపు చుడతానన్నాడు బావ. అప్పుడే తువ్వాలు కొన వేళ్ళతో నలుపుతున్నాడు. నేను నవ్వాను.

“ఇంకా ఆ మూటేంది బావా, తాంబూలం కట్టుకున్నట్టు? పెట్టె ఉండాది కదా. ఫోను వస్తే తప్ప అది ఆడదు. గంగాధరుకు ఒక మాట చెప్పు, చాలు.”

“అంతేనంటావా?”

“అంతే.”

“చదువుకున్నదానివి. నువ్వు చెబితే సరే పో.”

ఇంటినుంచి అక్క కేక వేసింది, సంగటి చల్లారిపోతోందని. కేబులు పీకి లాప్‌టాప్ మూశాను. సేవ్ టైపు చేయలేదు.

మరిచిపోయాను అని రాసి ఊరుకోవచ్చు. కాని ఆ సాయంత్రం కడపకు వచ్చే బస్సులో ఒకసారి గుర్తుకొచ్చింది. సేవ్ చేశానా? చేసే ఉంటానులే అనుకున్నాను. ఎన్ని వందలసార్లు చేసిన పని! చేతిలో ఫోను ఉంది. ఎందుకైనా మంచిది, ఫ్యూజులు పీకి పనిచెయ్యి బావా అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎందుకు చేయలేదు? ఆ పొద్దున నవ్వినదాన్ని సాయంత్రం ఆ ఫ్యూజులే కట్టుకోమని చెప్పడానికి సిగ్గేసిందా? ఇన్నేళ్ళు ఆలోచించాక అదే అయి ఉంటుందని తేల్చుకున్నాను. అంత చిన్న సిగ్గు.

మరునాడు పొద్దున బావ బోరు దగ్గరికి పోయాడు. కరెంటు రాలేదు. ఫ్యూజులు పీకలేదు, మెయిన్ దించలేదు. జాయింటు విప్పి తీగలు చేతిలో పట్టుకుని ఉండగా కరెంటు వచ్చింది. పెట్టె మేలుకుంది. తాను దాచుకున్నది చదువుకుంది. అందులో ఆటో ఆన్ అనే ఉంది.

ఇంతకంటే రాయలేను.

గంగాధరు విషయానికి వస్తాను. ఈ పొద్దు మోటరుకు ఫోను చేయొద్దని బావ అతనికి ముందురోజే చెప్పాడు. అయినా లేస్తూనే అలవాటు కొద్దీ అతను ఫోను చేశాడు. పెట్టెకు కరెంటు లేదు కాబట్టి స్విచ్ ఆఫ్ అని వచ్చింది. అప్పుడు గుర్తొచ్చి ఆపేశాడట. కాసేపటికి తోటనుంచి కేకలు వినిపించాయి. ఆ రోజు శవం పక్కన నిలబడి, ఎవరూ అడగకముందే అతనే చెప్పాడు, “నేను ఫోను చేసినా” అని. స్విచ్ ఆఫ్ వచ్చిందన్న మాట కూడా చెప్పాడు. వినేవాళ్ళు లేరు. చేయొద్దంటే ఎందుకు చేశావన్నదొక్కటే అందరి నోటా. అక్క అతని రొమ్ము మీద గుద్దుతూ ఏడ్చింది. అతను కదలకుండా నిలబడ్డాడు.

చేయని పనికి అతను అట్లా నలుగురిలో ఒప్పుకున్నాడు. చేసిన నేను అక్కడే, అక్కను పట్టుకుని ఉన్నాను.

అన్నీ అయ్యాక ఇంటి పెద్దలు నన్ను పిలిచారు. పెట్టెలో ఏం జరిగిందో చూసి చెప్పమన్నారు. గంగాధరు నాతో బోరు దగ్గరికి వచ్చాడు. అదే వేపచెట్టు. ఆ రోజు దించిన మెయిన్ దించినట్టే ఉంది, పెట్టె మేలుకోవడానికి లాప్‌టాప్ కేబులులో వచ్చే కరెంటు చాలు. కేబులు తగిలించాను. కిటికీ తెరుచుకుంది. ఏముందో చూపమన్నాను. ఆటో: ఆన్. ఆఖరుసారి మోటరు ఎందుకు ఆడిందని అడిగాను. కరెంటు రావడం వల్ల అని బదులు. ఫోను వల్ల కాదు. తెరమీద ఆ రెండు లైన్లే. గంగాధరు నా పక్కనే ఉన్నాడు. అతనికి ఇంగ్లీషు చదవడం రాదు.

“చెప్పు మే. నా ఫోనేనా?”

అడిగినదానికి బదులివ్వడం షెల్‌కు తెలుసు. నాకు తెలియలేదు.

“పెట్టెలో తప్పేం లేదు” అన్నాను, తెర మీంచి చూపు తిప్పకుండా.

నేను ‘ఆటో ఆఫ్’ అని టైపు చేశాను. తరువాత ‘సేవ్’ అని టైపు చేశాను. ఆ రోజు మరిచిపోలేదు. ఆఖరు కారణం కూడా తుడిచేశాను.

కేబులు చుట్టుకుంటుండగా అతను లేచి బోర్డు దగ్గరికి పోయాడు. మూడు ఫ్యూజులూ ఒక్కొక్కటే పీకి తువ్వాలు కొనకు ముడివేసుకున్నాడు. జేబులోంచి ఫోను తీసి, కాసేపు చూసి, బోరు కోసం తీసిన మట్టిదిబ్బ మీద పెట్టి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి అతను ఫోను పట్టుకోలేదు. ఎంత అవసరమైనా మనిషిని పంపాల్సిందే.

అక్క ఆ బోరు మళ్ళీ ఆడించలేదు. తోట ఎండిపోయింది. గంగాధరు పెళ్ళాంతో కోయిలకుంట్ల వైపు అత్తగారి ఊరికి పోయి, శనగ వేసుకుంటున్నాడు. బోరు లేని చేను. వాన పడితే పంట, లేకపోతే లేదు. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. నిజం చెప్పేద్దామనే వెళ్ళాను. నడవలో గోడకు మేకు. మేకుకు పాత తువ్వాలు. దాని కొనకు ముడి. అతని భార్య మజ్జిగ ఇచ్చింది. తాగాను. ఎండలు ఎక్కువగా ఉన్నాయని మాట్లాడుకున్నాం. వచ్చేశాను.

సంస్థలో మాత్రం ఒక పని చేశాను. తరువాత చేసిన పెట్టెల్లో ఆఫ్ అంటే చాలు, దానంతట అదే సేవ్ అయ్యేలా మార్పించాను. ముందుచూపు ఉన్న మనిషినని మెచ్చుకున్నారు. ఎందుకు మార్చానో ఎవరూ అడగలేదు. అడగనిది నేను చెప్పలేదు. దాన్ని పశ్చాత్తాపమని చాలాకాలం అనుకున్నాను. నా జాడ నేను చెరుపుకోవడమేమో అది కూడా.

ఇక అక్క మాట. ఈ మధ్య పోయినప్పుడు వాకిట్లో కూర్చుని, చాటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా అన్నది.

“ఈ తూరి మీ బావ తద్దినానికి గంగాధరును పిలుస్తాండా. వాడేమన్నా కావాలని చేసినాడా? శానా ఏండ్లు మనసులో పెట్టుకున్నా, ఇంక నావల్ల కాదు. వానికి ఫోను లేదు. నువ్వే పోయి చెప్పు, మీ వదిన నిన్ను ఏమీ అనుకోలేదని.”

సరే అన్నాను. అనేశాను. అతను ఆ మాటకోసం ఇన్నేళ్ళు కాచుకుని ఉంటాడు. వింటే ఏడుస్తాడు. వస్తాడు. అన్న పటం ముందు కూర్చుంటాడు, తప్పు చేసి మన్నింపు పొందినవాడిలాగా. చేయని తప్పుకు ఆ మన్నింపు అతనికి అందకూడదు. నాకు అందాలని కూడా అనడం లేదు. ఇదంతా విన్నాక అక్క దాన్ని ఎవరికీ ఇవ్వకపోవచ్చు. అది అక్క ఇష్టం.

కోయిలకుంట్లకు పోతాను. దానికంటే ముందు అక్క దగ్గరికి పోతాను. అక్కడ నోరు మళ్ళీ పడిపోతుందేమోనని ముందుగా ఇక్కడ రాసి చూసుకున్నాను. ఆగకుండా చివరిదాకా రాయగలనో లేదో తెలియలేదు. రాయగలిగాను. గుండె తేలికపడిందనను. ఇన్నాళ్ళూ బిగబట్టి ఉందని మాత్రం ఇప్పుడే తెలిసింది.

గంగాధరు ఫోనుకు మోటరు ఆడలేదు. బావ చేత ఫ్యూజులు మాన్పించింది నేను. సేవ్ చేయనిది నేను. చూసి, తుడిచి, అతని మొహం చూడకుండా పెట్టెలో తప్పు లేదన్నది నేను.

ఇది చెప్పాక ఆ తువ్వాలు ముడి విప్పి ఫ్యూజులు నాకిమ్మని అతన్ని అడుగుతాను. ఇస్తాడో లేదో. అవి నా దగ్గర ఉండాల్సినవి.