ఎనిమిది వేళ్లు

కలకత్తా మైదానంలో బాగ్‌మారి యూనియన్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆట ఉందంటే, చెక్కమెట్ల గ్యాలరీలో మూడో వరుస చివర భూతనాథ్ సమద్దార్ ఉన్నట్టే. ఎండైనా వానైనా మోకాళ్ల మీద గొడుగు, దాని మీద రెండు చేతులు. బొటనవేళ్లు తప్ప ఎనిమిది వేళ్లకీ ఎనిమిది రాళ్ల ఉంగరాలు. అవన్నీ ముసలాయన సొంత గ్రహాల కోసమే అనుకున్నాడు, పంతొమ్మిదేళ్లుగా పక్కనే కూర్చుంటున్న తపన్. మొన్న ఆదివారం మనవాళ్ల మీద నాలుగో గోల్ పడ్డాక, ఆయన ఛాతీ పట్టుకుని ఒకటే దగ్గు.

"మీ జ్యోతిష్యుడు దీనికేం చెప్పలేదా, దాదా?"

"ముత్యం పెట్టుకోమన్నాడు. వేలేదీ?"

"ఆ నీలం ఉంగరం తీసెయ్యండి. ఏం ఒరగబెట్టింది?"

"అది నాది కాదురా, క్లబ్బుది." భూతనాథ్ గొంతు తగ్గించాడు. "క్లబ్బు పుట్టిన ఘడియకి జాతకం రాయించాను. శని నీచలో ఉన్నాడట. జ్యోతిష్యుడు రెండు మూడేళ్లకో రాయి చెబుతూ వచ్చాడు. పెట్టుకోడానికి క్లబ్బుకి వేళ్లెక్కడివి?"

"ఎనిమిదీ క్లబ్బువేనా! అయినా గెలిచిందేదీ?"

"ఇవే లేకపోతే ఈపాటికి మూతపడేది."

అయిదో గోల్ కూడా పడింది, ఈల మోగింది. జనం తిట్టుకుంటూ మెట్లు దిగిపోయారు. ఆటగాళ్లు తలలు వంచుకుని వస్తుంటే భూతనాథ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఖాళీ గ్యాలరీలో రాయికి రాయి తగిలి టకటకమంది. తపన్ తన ఉత్త చేతుల వంక చూసుకున్నాడు.

"దాదా, ఆ ముత్యం మీ పేరున నేను పెట్టుకుంటే పనిచేస్తుందంటారా?"